తెలియని నెంబరు

మార్చి 3, సోమవారం

ఇల్లు దాదాపు మనదే అనుకున్నాను. దాదాపు అన్నది ఎంత వెధవ మాటో ఇవాళ తెలిసింది.

బ్యాంకులో లోన్లు చూసే అమ్మాయి నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, పెన్ను కొసతో చూపించింది. "మీ జీతం ఓకే మేడమ్, ఉద్యోగం ఓకే. ఈ రెండే అడ్డం." ఎర్రగా రెండు గీతలు. ఒకటి ఫోను బిల్లు. రెండోది వ్యాను లోను, అందులో నాది జామీను సంతకం. రెండూ వసూళ్ళ కంపెనీ చేతికి వెళ్ళిపోయిన పాత ఖాతాలు.

"ఇవి నావి కావమ్మా," అన్నాను.

"మీ పేరు మీదే ఉన్నాయి కదా మేడమ్."

"పేరు నాదే. వాడుకున్నది మా తమ్ముడు."

"అయితే ఆయన్ని ఒకసారి తీసుకురండి. కూర్చుని మాట్లాడదాం."

"సరే, తీసుకొస్తాను," అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. నోటికి అదే వచ్చింది. 

ఆ అమ్మాయి మంచిదే. చిన్న బాకీ కట్టేయమంది. పెద్దది అయిదేళ్ళుగా కదలకుండా పడి ఉంటే వాళ్ళ పైవాళ్ళు పట్టించుకోరట, కనుక్కుని చెబుతానంది. కదలకుండానే ఉంటుంది. ఎవరు కదుపుతారు?

ఇల్లు అమ్ముతున్న కుట్టు టీచరు దాన్ని మాకోసం ఈ నెలాఖరు దాకా ఆపుతానంది. ఆ తర్వాత డబ్బు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఇంకొకాయనకి ఇచ్చేస్తుంది. నేల మీద ఇల్లు. రెండు గదులు, వంటింటి కిటికీ పక్కనే కుళాయి. ఇక్కడ మూడో అంతస్తు, యాభై నాలుగు మెట్లు, అమ్మ మోకాళ్ళు. పైగా ఏప్రిల్ చివరికల్లా ఖాళీ చెయ్యమని ఇంటాయన కాగితం ఇచ్చి కూర్చున్నాడు. ఇంకో మూడో అంతస్తు కొంపకి పోతే అమ్మ ఇక కిందికి దిగదు. దించాల్సినప్పుడు నలుగురు దించాలి.

ఆ వసూళ్ళవాళ్ళ పేరు చూడగానే ఒళ్ళు మండింది. ఎంత పీక్కుతిన్నారు ఆ రోజుల్లో! పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. ఆదివారం కూడా వదిలేవాళ్ళు కాదు.

మార్చి 4

అమ్మకి చెప్పలేదు. చెప్పడానికేముంది.

మార్చి 6, గురువారం

ఫోను బిల్లు కట్టేశాను. ఇంతా చేస్తే ఒక మంచి చెప్పుల జత ఖరీదు లేదు. దీనికా ఇన్నాళ్ళు నా పేరు పక్కన ఎర్రగీత!

వాడి ఫోను కనెక్షన్ నా పేరు మీద ఉండేది. బిల్లు నేను కట్టేదాన్ని. చివరి రెండు నెలలు కట్టడం మర్చిపోయాను. పని ఎక్కువగా ఉండేది అప్పుడు.

కౌంటర్లో ఉన్నతను రసీదు ఇస్తూ, "నెంబరు మళ్ళీ కావాలా మేడమ్? ఖాళీగానే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు," అన్నాడు. వద్దన్నాను. బయటికొచ్చి రోడ్డు మీద కాసేపు నిలబడ్డాను. ఆరేళ్ళుగా ఆ నెంబరు ఎవరికీ ఇవ్వకుండా అక్కడ పెట్టుకుని ఏం చేస్తున్నారు?

ల్యాబులో ఇవాళ తొమ్మిది కట్టుడు పళ్ళ సెట్లు. మైనంలో పళ్ళు గుచ్చుతుంటే పెద్దాయన వెనకనించి వచ్చి, "ఏమ్మాయ్, ముందు పళ్ళు దవడకి పెట్టావు, ఆయన నవ్వితే భార్య పారిపోతుంది," అన్నాడు. ముప్పై ఏళ్ళుగా జనం నోళ్ళకి అచ్చులు పోసినవాడు. ఆయన కన్ను తప్పించుకోలేం. అన్నీ పీకి మళ్ళీ గుచ్చాను.

మార్చి 10, సోమవారం

మధ్యాహ్నం ల్యాబులో ఉండగా ఫోను. బ్యాంకు అమ్మాయి నెంబరు సేవ్ చేసుకున్నాను కాబట్టి ఎత్తాను.

"మేడమ్, వ్యాను ఖాతా పాతబడలేదండీ. నడుస్తోంది."

"నడవడమేంటి?"

"ఎవరో కడుతున్నారు. నెలకి మూడు వందలు. పోయిన నెల కూడా కట్టారు. వడ్డీకి కూడా చాలదు అది, అసలు తరగదు. కానీ కట్టిన ప్రతిసారీ ఖాతా మళ్ళీ కొత్తదైపోతుంది. అది దానంతటదే చచ్చిపోవాల్సింది మేడమ్. ఎవరో ఊపిరి పోస్తున్నారు."

ఎవరు అన్నాను. కట్టినవాళ్ళ పేరు దగ్గర వాడి పేరే ఉందంది. పూర్తి పేరు. ఇంటిపేరుతో సహా చదివింది.

చేతిలో అచ్చు అలాగే పట్టుకుని ఉండిపోయాను. ప్లాస్టర్ గడ్డకట్టి వేళ్ళకి అంటుకుపోయింది. ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం, ఎక్కడో బతికే ఉన్నాడనుకున్నాను. వేరే ఊళ్ళో వేరే వ్యాను నడుపుకుంటూ, నెలనెలా మూడు వందలు కడుతూ, నా మీద కోపంతో ఇంటికి రాకుండా ఉన్నాడనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో! కోపం ఉంటే ఉండనీ అనుకున్నాను.

నేనే కదా చూసింది. ఆస్పత్రిలో దుప్పటి తీసి చూపిస్తే, అవును మా తమ్ముడే అని సంతకం పెట్టింది నేనే కదా.

ఖాతా మొదటినించీ ఏం జరిగిందో మొత్తం వివరాలు ఇవ్వమని అడగండి, మీకు హక్కుంది అని చెప్పింది ఆ అమ్మాయి. కట్టినవి, వాళ్ళు చేసిన ఫోన్లు, పంపిన ఉత్తరాలు, అన్నీ ఇస్తారట. అడిగాను. పది రోజుల్లో కవరు ఇంటికి వస్తుంది.

మార్చి 11

వాడు కాదు. వాడు కాదు.

మార్చి 13, గురువారం

ఎవరై ఉంటారు? వాడి వ్యానుకి సరుకు ఇచ్చే గోడౌను యజమానా? వాడి మొహం, అతను పువ్వుల దండ కూడా పంపలేదు. స్నేహితులా? ఉంటే ఒక్కడైనా అప్పుడు వచ్చేవాడు.

ఆ టైర్ల షాపతనా? రోడ్డు పక్కన వ్యాను ఆపి, ఛాతీ పట్టుకుని కూర్చుంటే వాణ్ణి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది అతనే. మర్నాడు కలిస్తే చెప్పాడు. "తన ఫోను కట్టయిపోయిందన్నాడమ్మా. నాది తీసుకుని ఇద్దరికి చేశాడు. ఇద్దరూ ఎత్తలేదు." ఆ ఇద్దరూ ఎవరో నేను అడగలేదు. గోడౌను యజమానికి చేసి ఉంటాడు, ఇంకెవరో స్నేహితుడికి చేసి ఉంటాడు. సహజంగా ఎవరైనా పనిచేసే చోటుకే కదా చేస్తారు.

అమ్మ ఇవాళ కిందికి దిగుతానని పట్టుబట్టింది. నెలకోసారి దిగుతుంది ఇలా, గాలి పీల్చుకోవాలంటుంది. మెట్టు మెట్టుకీ కూర్చుని లేస్తుంది. నేను సాయం వస్తానంటే విసుక్కుంటుంది. "నా కాళ్ళు, నా గాలి. నీ పళ్ళు నువ్వు చూసుకో పో."

మార్చి 15, శనివారం

పాలిష్ మిషను కాలిపోయి ల్యాబు మధ్యాహ్నానికే మూసేశారు. మామూలుగా శనివారాలు సాయంత్రం ఆరు దాకా ఉంటాను.

తలుపు దగ్గర చెప్పులు విప్పుతున్నాను. లోపల అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. ఆ గొంతు నాతో మాట్లాడే గొంతు కాదు. మెత్తగా, మర్యాదగా ఉంది.

"లేదు బాబూ, ఇప్పుడే బయటికెళ్ళాడు. రాగానే చెప్తా. మొన్న కట్టాం కదా మూడొందలు... ఆ, అందిందా? వచ్చే నెల కూడా కడతాడు. ఏం బాబూ, గొంతు అట్లా ఉంది, జలుబు చేసిందా? తిన్నావా?"

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. అమ్మ ఫోను పెట్టి, ఒళ్ళో ఉన్న చొక్కా తీసుకుని గుండీ కుట్టడం మొదలెట్టింది. చొక్కాల షాపువాళ్ళు ఇచ్చే గుండీల పని అది. ఆ డబ్బులు దాచుకుంటోందనుకున్నాను. తలెత్తి నన్ను చూసింది.

"ఎవరు బయటికెళ్ళారమ్మా?" అన్నాను.

దారం పళ్ళతో కొరికి తెంపింది.

"ఎవరు? ఎవరు రాగానే చెప్తావు?"

"అరవకే. గోడలకి చెవులుంటాయి."

"ఆరేళ్ళు! ఆరేళ్ళుగా చచ్చిపోయినవాడి పేరు మీద డబ్బులు కడుతున్నావా నువ్వు? యాభై నాలుగు మెట్లు దిగి? నీ మూలంగా మనకి ఇల్లు రాకుండా పోతోంది, తెలుసా?" అని అరిచాను. బ్యాంకు సంగతి అప్పుడే చెప్పాను, అలాంటి గొంతుతో. సిగ్గుచేటు.

అమ్మ సూదికి దారం ఎక్కించుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "మనింటికి ఎవరైనా వచ్చి చిన్నోడు ఎక్కడున్నాడని అడుగుతున్నారా? చుట్టాలు అడుగుతారా? నువ్వు అడుగుతావా? వాడి పేరే ఎత్తవు నువ్వు. ఆ అబ్బాయి ఒక్కడే నెలకోసారి ఫోన్ చేసి, ఉన్నారా అండీ అని గౌరవంగా అడుగుతాడు. ముగ్గురు మారారు ఈ ఆరేళ్ళలో. ఒకడు తిట్టేవాడు, అయినా వాడి పేరు పెట్టి తిట్టేవాడు. కట్టడం ఆపితే వాళ్ళూ మానేస్తారేమోనని కట్టాను. మూడొందలు. అంతకంటే చౌకగా ఎవరడుగుతారే వాణ్ణి?"

 బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

మార్చి 16, ఆదివారం

అమ్మ మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. ఇద్దరికీ ఒకటే టీ పెట్టాను, రెండు గదుల్లో తాగాం.

అంత ప్రేమగా తిన్నావా అని అడగడానికి వాళ్ళేమన్నా చుట్టాలా? మనల్ని కాకుల్లా పొడిచినవాళ్ళు. వాళ్ళ ఫోన్లకి భయపడే నేను ఏ కొత్త నెంబరూ ఎత్తడం మానేశాను. అమ్మ చేత కూడా మానిపించాను. వాడు పోయిన నెలకే నా నెంబరు మార్చేసుకున్నాను. అమ్మ మార్చనంది. నెత్తీ నోరూ కొట్టుకున్నా మార్చనంది.

ఆదివారం కూడా వదిలేవాళ్ళు కాదు. నాకు బాగా గుర్తు.

మార్చి 18, మంగళవారం

బ్యాంకు అమ్మాయికి నిజం చెప్పాను. మా తమ్ముడు లేడు, ఆరేళ్ళయింది పోయి. మొన్న తీసుకొస్తానన్నారు కదా అని అడగలేదు పాపం. మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది.

దారి ఉంది. జామీనుదారుగా నేను వసూళ్ళ కంపెనీతో సెటిల్‌మెంట్ చేసుకోవాలి. సగానికి ఒప్పుకుంటారట. ఆ డబ్బు కడితే కొత్త ఇంటికి వంటింటి అల్మారాలు ఉండవు, అంతే. గిన్నెలు నేల మీద పెట్టుకుంటాం. కానీ ఖాతా మూసేసి, బాకీ లేదన్న లెటర్ ఇవ్వాలంటే ఖాతా పేరుగలవాడి సంతకం కావాలి, లేదా వాడి మరణ పత్రం కావాలి. ఇరవై ఎనిమిదిలోగా లెటర్ వస్తేనే నెలాఖరుకి లోను.

మరణ పత్రం అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. తాళంచెవి అమ్మ మెళ్ళో ఉంది.

అడిగాను. "ఇవ్వను," అంది. అంతే. మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

మార్చి 20, గురువారం

కవరు వచ్చింది.

ల్యాబులో భోజనాల వేళ ప్లాస్టర్ బల్ల మీదే విప్పాను. పదకొండు కాగితాలు. మొదట్లో ఉత్తరాలు, చివర్లో అమ్మ కట్టిన మూడు వందలు, మూడు వందలు, మూడు వందలు. మధ్యలో ఆరు కాగితాల నిండా వాళ్ళు చేసిన ఫోన్లు. ఏ తేదీ, ఏ టైము, ఏ నెంబరుకి, ఎత్తారా లేదా. నా నెంబరు పక్కన ఎత్తలేదు, ఎత్తలేదు, కట్ చేశారు. చదువుతూంటే గర్వంగా కూడా అనిపించింది, వీళ్ళెంత వేధించారో చూడండి అని ఎవరికైనా చూపిద్దామనిపించింది. ఒక్క సోమవారమే ఏడు ఫోన్లు!

వాడు చనిపోయిన తేదీ కోసం నేను వెతకలేదు. వేలు జరుగుతూ జరుగుతూ అక్కడికి వచ్చింది. ముందురోజు శనివారం ఉంది, నాలుగు ఫోన్లు. తర్వాత సోమవారం. మధ్యలో ఏమీ లేదు.

కాగితం ఎక్కడైనా అతుక్కుపోయిందేమో అని చూశాను. లేదు. ముందు వారం చూశాను. శనివారం, సోమవారం. అంతకుముందు వారం. శనివారం, సోమవారం. క్యాలెండర్ దగ్గర పెట్టుకుని మొదటినించి చివరిదాకా అన్ని తేదీలూ చూశాను. ఇన్నేళ్ళ ఫోన్లలో ఒక్క ఆదివారం కూడా లేదు. వాళ్ళకి ఆదివారం సెలవు.

పెద్దాయన వచ్చి, "ఏమ్మాయ్, తినలేదేం?" అన్నాడు. ఆకలి లేదన్నాను.

మార్చి 21

ఒక పళ్ళ సెట్టు కిందపడి పగిలింది. నా జీతంలో కోసుకోమన్నాను.

మార్చి 22, శనివారం

రాస్తే పోతుందేమో. పోకపోయినా రాస్తాను. ఎవరు చదవొచ్చారు.

ఆదివారం. ఆరేళ్ళ కిందట, మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. తల ఆరబెట్టుకుంటూ మంచం మీద పడుకుని పత్రిక తిరగేస్తున్నాను. ఫోను మోగింది. తెలియని నెంబరు. కట్ చేశాను. వెంటనే మళ్ళీ మోగింది, అదే నెంబరు. "ఛీ, ఆదివారం కూడా వదలరు," అని పైకే అని, కట్ చేసి, ఫోను ఆఫ్ చేసి దిండు కింద పడేశాను. కాసేపటికి నిద్ర పట్టింది. హాయిగా పట్టింది.

సాయంత్రం ఆస్పత్రి మనిషి వచ్చి తలుపు కొట్టాడు.

ఆ టైర్ల షాపతన్ని నేను నెంబరు అడగలేదు. అడిగితే పోల్చి చూసుకోవాల్సి వస్తుంది. ఆ రాత్రి గడవకముందే నా ఫోన్లో లిస్టంతా చెరిపేశాను. వాళ్ళే చేసి ఉంటారు, వాళ్ళే, వాళ్ళు ఆదివారం కూడా వదలరు. ఆరేళ్ళు ఈ ఒక్క మాట మీద అన్నం తిన్నాను, పళ్ళు చేశాను, ఇల్లు కొనాలనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఫోను బిల్లు కట్టడం నేను మర్చిపోలేదు. మానేశాను. ఎప్పుడు చూసినా డబ్బులు అడుగుతున్నాడని, ఫోను కట్టయితే గానీ బుద్ధి రాదని మానేశాను. వాడి సొంత నెంబరు నించి వచ్చి ఉంటే ఎత్తేదాన్ని. తిట్టడానికైనా ఎత్తేదాన్ని.

ఊపిరాడక ఏం చెప్పాలనుకున్నాడో. అక్కా అని ఉంటాడు మొదట.

మార్చి 23, ఆదివారం

రెండు దాటి పది నిమిషాలకి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పిచ్చి. ఎవరు చేస్తారు.

మార్చి 25, మంగళవారం

పొద్దున కుట్టు టీచరు ఫోన్ చేసింది. "ఏమంటావమ్మా, ఆ రెండో ఆయన అడ్వాన్సు పట్టుకుని రోజూ వస్తున్నాడు. నాకేమో నీకే ఇవ్వాలనుంది," అంది. రెండు రోజులు ఆగండి అన్నాను. ల్యాబుకి సెలవు పెట్టి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"ఆ కాగితం ఇవ్వమ్మా."

"ఇస్తే ఆ అబ్బాయి ఇంక ఫోన్ చెయ్యడు కదా?"

"చెయ్యడు."

"మరి నన్నెలా ఇమ్మంటావే? నీకు ఇల్లు కావాలి. నాకు అక్కర్లేదు. ఈ మూడో అంతస్తులోనే పోతాను."

అరుద్దామని నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"అమ్మా, ఆ రోజు వాడు నాకు ఫోన్ చేశాడు. రెండుసార్లు చేశాడు. వసూళ్ళవాళ్ళనుకుని కట్ చేశాను. ఇన్నాళ్ళూ వాళ్ళేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. వాళ్ళు కాదు. కాగితాలొచ్చాయి, వాళ్ళు ఆదివారాలు చెయ్యరు. వాడేనమ్మా. నేను నిద్రపోయాను."

అమ్మ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అమ్మ మెళ్ళోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "తియ్యి. అడుగున ఉంటుంది, నీలం కవరు."

నీలం కవర్లో మరణ పత్రం ఉంది. దానితోపాటు ఇంకో కాగితం ముక్క ఉంది. నాలుగు మూలలా పసుపుపచ్చగా మాగిపోయిన టేపు. నా చేతిరాత. స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు: తెలియని నెంబర్లు ఎత్తొద్దు. అప్పట్లో అమ్మ ఛార్జరు పైన గోడకి నేనే అంటించాను.

"నాకూ చేశాడే," అంది అమ్మ.

నేను ఆ కాగితం వెనక్కి తిప్పి మంచం మీద పెట్టాను.

"నీ గదిలోంచి అరుపు వినిపించింది, ఆదివారం కూడా వదలరని. మరుక్షణం నా ఫోను మోగింది. నీకు చేసినవాళ్ళే నాకూ చేస్తున్నారనుకున్నా. తీద్దామా అని చెయ్యి చాపాను కూడా. ఎదురుగా నీ కాగితం. నువ్వు కోప్పడతావని ఊరుకున్నా. మోగి మోగి ఆగిపోయింది. తర్వాత ఆ టైర్ల అతను ఇద్దరికి చేశాడు అన్నప్పుడు, ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలిసిపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాది చెబితే నీదీ బయటికి లాగినట్టే కదే. నువ్వే చెప్తావేమోనని చూశా." గుండీల డబ్బా మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "అప్పట్నించి ఎవరు చేసినా ఎత్తుతున్నా. ఏ నెంబరైనా. ఒక్కటి కూడా వదల్లేదు."

ఆరేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ పడుకున్నాం. అటుపక్క ఆవిడకి తెలుసు. ఇటుపక్క నేను తెలియనట్టు నిద్ర నటించాను. ఇద్దరం ఏడ్చాం. అమ్మ ఏడుస్తూనే, "ముక్కు తుడుచుకో, చూడలేకపోతున్నా," అంది.

మార్చి 26, బుధవారం

సెటిల్‌మెంట్ డబ్బు కట్టేశాను. మరణ పత్రం ఇచ్చేటప్పుడు, ఫోన్ చేసే అబ్బాయికి మాత్రం తను చెప్పాకే తెలియాలని అమ్మ షరతు. సరేనన్నారు.

సాయంత్రం నాలుగింటికి వాళ్ళ ఆఫీసు నెంబరుకి అమ్మే చేసింది. నన్ను స్పీకరు పెట్టమంది. అటునించి కుర్ర గొంతు, నిజంగానే జలుబు గొంతు.

"అమ్మా, మీరు చేశారేంటి? వచ్చే నెల మూడో శనివారం నేనే చేద్దును కదా."

"ఏం లేదు బాబూ. ఒక్కసారి ఎప్పటిలాగే అడుగు."

"ఏమడగమంటారు?"

"ఎప్పుడూ అడుగుతావు కదా, అదే."

అతనికి అర్థం కాలేదు, అయినా అడిగాడు. వాడి పూర్తి పేరు చెప్పి, ఇంట్లో ఉన్నారా అండీ అని అడిగాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "చచ్చిపోయాడు బాబూ," అంది. "ఆరేళ్ళయింది. నీకు అబద్ధం చెప్పాను, ఏమనుకోకు."

అటునించి కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను, "అమ్మా, ఈ కాల్ రికార్డవుతుంది... నేనేం మాట్లాడకూడదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "ఆయన ఫోన్ దగ్గరికి రావట్లేదని నేను కోపంగా రాసుకునేవాణ్ణమ్మా ఫైల్లో. తప్పించుకు తిరుగుతున్నాడని."

"రాసుకో, పర్లేదు. తప్పించుకునే పోయాడు," అంది అమ్మ. "జలుబు తగ్గిందా? వేడినీళ్ళు తాగు." ఫోను ఎలా పెట్టాలో తెలియనట్టు నాకిచ్చింది.

మార్చి 28

లెటర్ వచ్చింది. ఖాతా మూసేశారు. వాడి పేరు, నా పేరు, అడుగున ముద్ర.

మార్చి 31, సోమవారం

సంతకాలయ్యాయి. కుట్టు టీచరు తాళాలు ఇస్తూ అమ్మ మోకాళ్ళ మీద చెయ్యి వేసి, "ఇక దిగే పని లేదు మీకు," అంది. బ్యాంకు అమ్మాయి నాకు చాక్లెట్ ఇచ్చింది.

సంతోషంగా ఉందా అని పెద్దాయన అడిగాడు. ఉందన్నాను. ఉంది కూడా. దాని పక్కనే ఇంకోటి ఉంది, అది కూడా ఇంట్లోకి వస్తుంది మాతోపాటు.

ఏప్రిల్ 13, ఆదివారం

వచ్చి వారం. గిన్నెలు నేల మీదే ఉన్నాయి. అమ్మ రోజుకి పదిసార్లు కుళాయి దగ్గరికి వెళ్ళొస్తోంది, పనుండి కాదు, వెళ్ళగలనని చూపించడానికి. ఆ కాగితం ముక్క పారేద్దామా అని అడిగాను. వద్దంది. వాడి ఫొటో వెనక పెట్టింది. ఆ ఫొటో గోడకెక్కింది ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. మేకు నేనే కొట్టాను, వంకర పోయింది. "నీలాగే ఉంది," అంది.

ఏప్రిల్ 19, శనివారం

ఇవాళ మధ్యాహ్నం అమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. పక్కింటావిడ చెప్పింది. అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. కాదు, అడిగాను. అన్నం తింటున్నప్పుడు, "చిన్నోడికి ఏ రంగు చొక్కా అంటే ఇష్టమమ్మా?" అని అడిగాను. ముద్ద చేతిలో పట్టుకుని గంటసేపు చెప్పింది.

ఏప్రిల్ 23, బుధవారం

ల్యాబులో రెండు చేతులూ ప్లాస్టర్లో ఉండగా ఫోను మోగింది. తెలియని నెంబరు. పెద్దాయన, "వదిలెయ్యమ్మాయ్, అచ్చు గడ్డకట్టుకుపోతుంది," అన్నాడు. అచ్చు వదిలేశాను. మోచేత్తో బటన్ నొక్కి, భుజంతో చెవికి నొక్కుకున్నాను.

ఎవరో ముసలాయన. గ్యాసు ఆఫీసా అని అడిగాడు. కాదండీ అన్నాను. సారీ అమ్మా అన్నాడు. పర్లేదండీ, గ్యాసు అయిపోయిందా, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నారమ్మా, మనవరాలుంది అన్నాడు. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు. నా వేళ్ళ మీద ప్లాస్టర్ బిగుసుకుపోతోంది. ఆయన పెట్టేసేదాకా నేను పెట్టలేదు.